గడ్డిలోని నూనె గట్టి కొవ్వు ఎలా అవుతుంది?

బక్రీద్‌కు ఖుర్బానీ మాంసం పంచేటప్పుడు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "గొర్రె తినేది గడ్డే కదా, మరి దాని కొవ్వు గుండెకు మంచిది కాదంటారేం?" అడగవలసిన ప్రశ్నే. జవాబు గొర్రె పెద్దపొట్టలో ఉంది.

పచ్చిగడ్డిలో కొవ్వు చాలా తక్కువ. ఉన్న కాస్తలో పెద్ద వాటా లినోలెనిక్ ఆమ్లానిది. ఇది ఒమేగా-3 రకం, నూనెలా పలచగా ఉండే అసంతృప్త కొవ్వు. అయితే నెమరువేసే పశువుల పెద్దపొట్టలో కోటానుకోట్ల బాక్టీరియా ఉంటాయి. గడ్డిలోని పీచును అరిగించేది అవే. అసంతృప్త కొవ్వు వాటికి విషం లాంటిది. అందుకని దానికి హైడ్రోజన్ జోడించి చాలావరకు స్టియరిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. ఈ ఆమ్లం కరగాలంటే దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి. మటన్ కూర చల్లారితే పైన తెల్లగా పేరుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. కోడికి అలాంటి పొట్ట లేదు. దాని మేతలోని నూనె అంతగా మారకుండానే ఒంట్లో చేరుతుంది, అందుకే కోడి కొవ్వు మెత్తన.

వనస్పతి ఫ్యాక్టరీలో నూనెకు హైడ్రోజన్ ఎక్కించేదీ ఇలాంటి పనే. అక్కడ పని సగంలో ఆగితే ట్రాన్స్ కొవ్వులు మిగులుతాయి. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, వనస్పతిలో వాటికి 2 శాతం హద్దు పెట్టారు. పశువు పొట్టలోనూ కొంత సగంలో ఆగుతుంది, కానీ అక్కడ ఎక్కువగా మిగిలేది వాక్సెనిక్ ఆమ్లమనే వేరే రకం, అదీ కొద్దిగానే.

ఇక గుండె సంగతి. స్టియరిక్ ఆమ్లం చెడు కొలెస్ట్రాల్‌ను అంతగా పెంచదు. పెంచేది పామిటిక్ ఆమ్లం, మాంసం కొవ్వులో అదీ బాగానే ఉంటుంది. కాబట్టి గుండె జబ్బున్నవారు కొవ్వు ముక్కలు ఏరేసి, కూర చల్లారాక పైన పేరుకున్నది తీసేసి, మళ్లీ వేడి చేసుకుని కొద్దిగా తినడం మేలు. డాక్టరు వద్దంటే ఆ మాటే వినాలి.

పాడి ఉన్నవారికి ఇంకో మాట. కేంద్రంలో పాలకు ధర కట్టేది వెన్న శాతాన్ని చూసి. పాలు పెరగాలని గడ్డి తగ్గించి మొక్కజొన్న పిండి, దాణా దండిగా పెడితే పొట్టలో పులుపు పెరుగుతుంది, బాక్టీరియా దారి తప్పుతాయి. అప్పుడు పుట్టే ఒక రకం కొవ్వు పొదుగులో వెన్న తయారీనే అణచివేస్తుంది. క్యాను నిండుతుంది, చేతికొచ్చే డబ్బు నిండదు. వెన్న శాతం ఉన్నట్టుండి పడిపోతే దాణా మార్చే ముందు పశువుకు గడ్డి చాలినంత అందుతోందా, నెమరు సరిగా వేస్తోందా అని చూడండి.