చెరువు లెక్క చెప్పగలిగితే... ఇంటర్వ్యూ సగం గెలిచినట్టే!

హనుమాన్ జంక్షన్: విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే ఈ కూడలిలో తెల్లవారితే చాలు, కాలేజీ బస్సుల కోసం నిలబడే కుర్రకారు కనబడతారు. వారిలో ఇంజనీరింగు చదువుతున్నవారు చాలామందే. చదువు పూర్తయితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గతి అని ఇళ్లలో పెద్దల నమ్మకం. కాని మరో దారి కూడా ఉంది. అదే కన్సల్టింగు.

కంపెనీలకు, ప్రభుత్వాలకు ఫీజు తీసుకుని సలహా చెప్పడమే ఈ వృత్తి. ఈ రంగంలో పేరుమోసిన మెకిన్సీ సంస్థను 1926లో షికాగోలో స్థాపించినది జేమ్స్ మెకిన్సీ అనే అకౌంటింగు ప్రొఫెసర్. మన హైదరాబాదులో 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కూడా శిక్షణతోపాటు ఇటువంటి సలహాలు ఇస్తోంది.

ఈ ఉద్యోగాలకు జరిగే ఇంటర్వ్యూలో 'కేసు' అడుగుతారు. కోర్టు కేసు కాదు లెండి! ఒక వ్యాపారం చిక్కు చెప్పి, దారి చూపమంటారు. ఇక్కడే మార్కులు దండిగా వచ్చిన ఇంజనీర్లు సైతం బోల్తా పడుతున్నారు.

లెక్క వచ్చు... మాట రాదు!

జంక్షన్‌లో ఒక టీ కొట్టు రోజుకు ఎన్ని కప్పులు అమ్ముతుందని అడిగారనుకోండి. రద్దీగా ఉండే 4 గంటల్లో గంటకు 100, మిగతా 12 గంటల్లో గంటకు 30 అనుకుంటే మొత్తం 760. 'సుమారు 750' అంటే చాలు. మన కుర్రాడు మాత్రం తలవంచుకుని, నోరు విప్పకుండా, దశాంశాల దాకా లెక్క వేస్తాడు. అడిగిన పెద్దమనిషికి కావలసింది అంకె ఒక్కటే కాదు, ఆ అంకె వచ్చిన దారి. ఆలోచన పైకి వినిపించకపోతే లెక్క సరిపోయినా ఉద్యోగం రాదు.

చెరువు గట్టున పాఠం

కొల్లేటి ప్రాంతంలో 10 ఎకరాల చేపల చెరువుకు నష్టం వచ్చిందనుకుందాం. ఎందుకు? ముందు రెండు పాయలు చెయ్యాలి: రాబడి, ఖర్చు. 30 టన్నుల చేప, కిలో 100 రూపాయలు. రాబడి 30 లక్షలు. లీజు 10 లక్షలు, తవుడు, చెక్క వగైరా మేత 17 లక్షలు, పిల్ల, మందులు, డీజిలు, కూలి కలిపి 5 లక్షలు. ఖర్చు 32 లక్షలు. నష్టం 2 లక్షలు.

మేత పదో వంతు తగ్గిస్తే మిగిలేది 1 లక్షా 70 వేలు. నష్టం పూడదు, పైగా చేప ఎదగకపోవచ్చు. అదే కిలోకు 7 రూపాయలు ఎక్కువ పలికితే 2 లక్షల 10 వేలు వస్తాయి. కాబట్టి ముందు చూడవలసింది ధర: ఏ సైజు చేప, ఏ నెలలో పట్టాలి? చివర ఒక్క మాటలో తీర్పు చెప్పాలి. 'ధర మీద దృష్టి పెట్టండి. కారణం ఇది. చిక్కు ఇది'. కేసు ఇంటర్వ్యూ అంటే ఇంతే. రైతు బిడ్డకు ఈ లెక్క కొత్తదా?

సాధన ఇలా

ఇద్దరు స్నేహితులు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు అడగాలి, ఒకరు అరగంటలో చెప్పాలి. తరువాత స్థానాలు మారాలి. జవాబుకు ముందు ప్రశ్న సరిగా అర్థమైందో లేదో అడిగి తెలుసుకోవాలి. సాంకేతిక పదాలు తగ్గించాలి. 10 లక్షలు ఒక మిలియను, కోటి 10 మిలియన్లు అన్నది నాలుక చివర ఉండాలి. పేపరులో వ్యాపార వార్తలు రోజూ చదవాలి. మొదట తెలుగులో చెప్పుకుని, అదే మాట ఇంగ్లీషులో చెప్పడం అలవాటు చేసుకోవాలి. దీనికి వేలకు వేలు పోసి కోచింగుకు వెళ్లనక్కరలేదు.

అయితే ఒక నిజం దాచకూడదు. పెద్ద సంస్థలు ఎక్కువగా ఐ.ఐ.టి.లు, ఐ.ఐ.ఎం.ల గుమ్మంలోనే అభ్యర్థులను ఏరుకుంటాయి. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో వెలసిన నూజివీడు ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల చదివినవారు దరఖాస్తుతో, సీనియర్ల సిఫారసుతో తలుపు తట్టవలసి రావచ్చు. కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ఎం.బి.ఎ. చదివి అటు మళ్లేవారూ ఉన్నారు.

ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఈ సాధన వృథా పోదు. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడు నాన్న పక్కన చెరువు గట్టున కూర్చుని, 'మనకు నష్టం ఎక్కడ వస్తోంది నాన్నా?' అని అడిగితే చాలు. మొదటి పాఠం అక్కడే మొదలవుతుంది. ఇంటి అప్పుకు జవాబు కూడా అక్కడే దొరకవచ్చు.