అంకె పెద్దదైతే ఫోన్ గొప్పదా? సూరత్ చీర చెప్పే లెక్క

సూరత్ రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లలో సరుకు మూట కంటే ముందు చీర ఫొటో ప్రయాణిస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవారు వాట్సాప్‌లో ఆ ఫొటో చూసి ఆర్డరు పెడతారు. తెలంగాణ నుంచి వలస వచ్చి ఇక్కడి మరమగ్గాలపై బతుకుతున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. ఇంటి నుంచి చీరలు అమ్మేవారికి ఫోన్ కెమెరాయే దుకాణం. ఫొటోలో ఒక రంగు, చేతికొచ్చాక మరో రంగు కనిపిస్తే సరుకు తిరిగొస్తుంది. మరి ఫోన్‌ను దేన్నిబట్టి ఎంచుకోవాలి?

రెండు పోటీ ఫోన్లను పోల్చి చూద్దాం. 2022 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 14 ప్రో ప్రధాన కెమెరా 48 మెగాపిక్సెల్స్. 2023 ఫిబ్రవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్23 అల్ట్రాది 200 మెగాపిక్సెల్స్. అంకె నాలుగు రెట్లు పెద్దది. కెమెరా కూడా నాలుగు రెట్లు మెరుగైనదేనా?

పిక్సెల్ ఎంత వెడల్పు?

ఫొటో నాణ్యతకు మూలం సెన్సర్‌పై పడే కాంతి. గెలాక్సీలో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్లు. అంటే వైశాల్యం 0.36 చదరపు మైక్రాన్లు. దాన్ని 20 కోట్లతో గుణిస్తే 72 చదరపు మిల్లీమీటర్లు. ఐఫోన్‌లో పిక్సెల్ వెడల్పు 1.22 మైక్రాన్లు. 4.8 కోట్ల పిక్సెల్స్‌తో లెక్కిస్తే సుమారు 71 చదరపు మిల్లీమీటర్లు. కాంతిని పట్టే స్థలం దాదాపు సమానమే!

పైగా మామూలు ఫొటో తీసేటప్పుడు గెలాక్సీ 16 పిక్సెల్స్‌ను, ఐఫోన్ 4 పిక్సెల్స్‌ను ఒక్కటిగా కలుపుతాయి. చివరికి రెండూ ఇచ్చేది 12 మెగాపిక్సెల్స్ ఫొటోయే. పగటి వెలుతురులో పూర్తి 200 మెగాపిక్సెల్స్‌తో తీస్తే సూక్ష్మ వివరాలు పెరగవచ్చు. సందు ఇంట్లో, ట్యూబ్‌లైటు కింద ఆ లాభం తగ్గిపోతుంది.

చీర ఫొటోలో మరో చిక్కుంది. నేతలోని పోగులు వరుసగా ఉంటాయి, సెన్సర్ పిక్సెల్స్ కూడా వరుసగానే ఉంటాయి. ఈ రెండు అల్లికలూ ఒకదానిపై ఒకటి పడినప్పుడు బట్టలో లేని అలల చారలు ఫొటోలో కనిపిస్తాయి. దీన్నే మొయిరే అంటారు. ఫోన్‌ను కాస్త దగ్గరకో దూరంగానో జరిపితే, లేదా కోణం మారిస్తే చారలు తగ్గుతాయి. దీనికి కొత్త ఫోన్ అక్కర్లేదు.

ఒకే ముద్ర, వేరు లోతు

ఇప్పుడు దీనికి పూర్తిగా తలకిందులైన ఉదాహరణ. రెండు ఫోన్లకూ ఐపీ68 ముద్ర ఉంది. 6 అంటే ధూళి చొరబడదు. 8 అంటే మీటరు కంటే లోతు నీటిలో మునిగినా తట్టుకుంటుంది. ఎంత లోతో తయారీదారే చెప్పాలి. అర గంటకు గెలాక్సీ చెప్పేది 1.5 మీటర్లు, ఐఫోన్ చెప్పేది 6 మీటర్లు. ముద్ర ఒకటే, హామీ వేరు. ఈ హామీ మంచినీటికే. డుమస్ తీరంలోని ఉప్పునీటికి వర్తించదు.

ఇవి ఖరీదైన ఫోన్లే. అయినా పదిహేను వేల రూపాయల ఫోన్ కొనేటప్పుడు కూడా ఇవే ప్రశ్నలు పనికొస్తాయి: పిక్సెల్ వెడల్పు ఎంత? ఎన్ని పిక్సెల్స్ కలిసి ఒకటవుతున్నాయి? ఎంత లోతు, ఎంతసేపు? దుకాణంలోనే మీ చీర కొంగును రెండు ఫోన్లతోనూ ఫొటో తీసి, అసలు బట్ట పక్కన పెట్టి చూడండి. పెట్టెపై రాయని సంగతి అక్కడ తెలుస్తుంది.