మీకు తెలుసా? నొప్పికి పాట ఎవరు ఎంచాలి?

మూడు నెలలు దాటినా తగ్గనిదాన్ని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. మైగ్రేన్, కీళ్లవాతం, సికిల్ సెల్ జబ్బులతో టీనేజీలోనే దీన్ని భరించే పిల్లలున్నారు. వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పెద్దలకు కాలక్షేపంలా కనిపిస్తుంది. చాలాసార్లు అది ఓర్చుకునే ఉపాయం. ధ్యాస మళ్లితే నొప్పి తీవ్రత కూడా మారుతుంది.

అయితే ఏ పాట? 2006లో వెలువడిన ఒక గ్లాస్గో పరిశోధనలో, వాలంటీర్లు గడ్డకట్టించేంత చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టారు. పరిశోధకులిచ్చిన ప్రశాంత సంగీతం కన్నా తాము తెచ్చుకున్న పాటలు వింటూనే ఎక్కువసేపు ఓర్చుకున్నారు. నొప్పి తమ అదుపులో ఉందనీ అనిపించింది. నొప్పితో అలసిన పిల్లలకు కావలసిందీ ఆ ధైర్యమే.

పాట మందుకు బదులు కాదు. మందులు మాన్పించకండి, సౌండ్ తక్కువ పెట్టించండి. పాట మాత్రం, అది మీకు నచ్చని డప్పుల హోరైనా సరే, వాళ్లనే ఎంచుకోనివ్వండి.