గోడ పూయక మునుపే: సమాచారపు తీగెల సంరక్షణము



హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గముపై, గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తల్లియైన హయాత్ బక్షీ బేగము పేర వెలసిన హయత్‌నగర్ కలదు. ఒకనాడు పొలములుగా నుండిన ఆ పరిసరములు నేడు ఇండ్లతో నిండినవి. అచటనేమి, మన యూళ్లలోనేమి, ఇల్లు కట్టువారు సిమెంటును, ఇనుమును పరీక్షించి కొందురు. దూరదేశమందలి బిడ్డల మాటను, రూపమును ఇంటిలోనికి తెచ్చు ఇంటర్నెట్టు తీగెను గుఱించి మాత్రము గృహప్రవేశమైన పిదపగాని తలంపరు. అప్పుడు క్రొత్త గోడ పగులగొట్టవలసి వచ్చును. ఈ నష్టము తప్పు విధమును నేడు విన్నవించెదను.

గాలిలో వైఫై యుండగా తీగె యేల యని కొందఱందురు. ఆ తరంగములు కాంక్రీటు గోడలను దాటునప్పుడు క్షీణించును. మేడమీద ఇంకొక వైఫై పెట్టె యుంచినను, దానికిని తీగెయే మేలైన ఆధారము.

ఈ తీగెలో ఎనిమిది సన్నని రాగి తీగెలు నాలుగు జంటలుగా మెలివేయబడి యుండును. ప్రతి జంటలోను సంకేతములు ఒకదానికొకటి విరుద్ధముగా నడచును. బయటి అలజడి రెండింటిపై సమానముగా పడును గనుక, గ్రహించు యంత్రము రెంటి భేదమునే తీసికొని అలజడిని విడిచివేయును. ఆ మెలియే దీనికి ప్రాణము. మేకుతో నొక్కినను, మడతపెట్టినను అమరిక చెడి, కాలువలో రాయి తగిలిన నీటివలె సంకేతము కొంత వెనుకకు మరలును.

కావున తీగెను గోడలో నేరుగా పూడ్చరాదు. గొట్టమును పూడ్చి, అందు తీగెను నడపవలెను. గోడ ఆయువు పెద్దది, తీగె ఆయువు చిన్నది. గొట్టమున్నచో పాతదానిని లాగివేసి క్రొత్తది వేయవచ్చును.

గొట్టమునకై గాడి కొట్టుటలో మితము వలయును. నిలువు గాడి గోడ మందములో మూడవ వంతును, అడ్డగాడి ఆఱవ వంతును మించరాదు. తొమ్మిది అంగుళముల గోడలో అడ్డగాడి ఒకటిన్నర అంగుళము వఱకు పోవచ్చును. నాలుగున్నర అంగుళముల గోడలో ముప్పాతిక అంగుళమే. అందు ఒక అంగుళపు గొట్టము పట్టదు. అట్టి గోడలో గొట్టమును అడ్డముగా గాక, పైనుండి నిలువుగా దింపవలెను.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. దీపముల తీగెలో 230 వోల్టుల విద్యుత్తు పారును. దానిని, దీనిని ఒకే గొట్టములో నడపరాదు. పైతొడుగు ఒరసికొని చెడినచో ఆ విద్యుత్తు ఈ తీగెలోనికి దిగి, ముట్టినవారికి ప్రాణాపాయము కలుగును. రెండు గొట్టములు ప్రక్కప్రక్కన పోవలసివచ్చినచో నడుమ ఒక అడుగు ఎడముంచుట మేలు. దాటవలసిన చోట నిలువుకు అడ్డముగా దాటవలెను.

గొట్టమును రెండేసి అడుగుల కొక బిగింపుతో కదలకుండ నిలుపవలెను. మలుపులు విశాలముగా నుండవలెను. తీగె వంపు వ్యాసార్ధము తీగె లావునకు నాలుగింతలకు తగ్గరాదు. లోపల ఒక నైలాను త్రాడు విడిచి, సున్నము, సిమెంటు చొరకుండ కొనలను మూయవలెను. గాడిపై తీగెల జాలి పఱచి పూసినచో పూత బీటలు వాఱుట తగ్గును. పూత ఆఱిన పిమ్మటనే తీగెను, పదునొకండు కిలోల బలము మించకుండ, మెల్లగా లాగవలెను. మొత్తము పొడవు 100 మీటర్లు దాటరాదు.

అంగడిలో రాగిపూత పూసిన అల్యూమినియము తీగెలును అమ్ముదురు. కొనను చాకుతో గీసి చూడుడు. లోపల తెల్లగా నున్నచో తిరిగి ఇచ్చివేయుడు.

పెద్దలారా! ఇది ఎలక్ట్రీషియను చేయు పనియే యైనను, చూచుట ఇంటి యజమాని పని. పూతమేస్త్రి రాకమునుపు ప్రతి గొట్టములోని త్రాడును లాగించి చూడుడు. కదలనిచో అప్పుడే విప్పింపుడు. గోడకు కొలతటేపు ఆనించి ఛాయాచిత్రము తీయించి, ఇంటి పత్రములతో భద్రపఱుపుడు. రేపు గోడకు మేకు కొట్టువాడు ఆ చిత్రము చూచి తప్పుకొనును. పూయక మునుపు గడియసేపు చూచినచో చాలును. పూసిన పిమ్మట సరిదిద్దవలెనన్న సుత్తియే శరణ్యము.