పాజ్ నొక్కడం నేర్పండి

ఇంటర్న్‌షిప్ కోసం జిల్లా పరిషత్ హైస్కూల్లో అడుగుపెట్టే బీఈడీ విద్యార్థికి ఇప్పుడు తరగతిలో రెండు బోర్డులు కనిపిస్తున్నాయి. ఒకటి సుద్దముక్కతో రాసేది, రెండోది గోడకు బిగించిన ఇంటరాక్టివ్ ప్యానెల్. ఆంధ్రప్రదేశ్‌లో ‘నాడు-నేడు’ పథకం కింద బాగుచేసిన బడుల్లోకి 2023లో ఈ ప్యానెళ్లు వచ్చాయి. అంతకుముందే, 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. రేపు నేను టీచర్‌గా నిలబడబోయేది ఇలాంటి తరగతిలోనే. తెర వద్దని నేననను. అయితే దాన్ని ఎలా ఆన్ చేయాలో నేర్పుతున్నారు గానీ ఎక్కడ ఆపాలో నేర్పడం లేదు. నా బెంగంతా దాని గురించే.

నా మెథడాలజీ జీవశాస్త్రం. పదో తరగతికి రక్త ప్రసరణ పాఠం చెప్పే వంతు వచ్చింది. గుండె పనిచేసే తీరు మీద వీడియో ప్యానెల్లో సిద్ధంగా ఉంది. నాకు మార్గదర్శకురాలిగా ఉన్న సీనియర్ టీచర్ మాత్రం, “వీడియో ఎక్కడికీ పోదమ్మా, ముందు పిల్లల్ని వాళ్ల నాడి పట్టుకోనియ్యి” అన్నారు. చొక్కా గుండీ రంధ్రంలో అగ్గిపుల్ల నిలబెట్టి, మణికట్టు మీద నాడి తగిలే చోట పెట్టమన్నాను. కాసేపు గుండీని అటూ ఇటూ జరిపారు. సరైన చోటు దొరికేసరికి పుల్ల సన్నగా ఊగడం మొదలైంది. “టీచర్, నాది కదులుతోంది!” అని ఒక మూల నుంచి కేక. ఇక తరగతంతా మణికట్ల మీదికి వంగిపోయింది. నిమిషానికి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టారు. వరండాలో పరిగెత్తి వచ్చి మళ్లీ లెక్కపెట్టారు. ఆ తర్వాత కాగితం గొట్టంలా చుట్టి, పక్కనున్న నేస్తం ఛాతీకి ఆనించి విన్నారు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ స్టెతస్కోపుకు దారి కనుక్కున్నది కూడా ఇలా కాగితం చుట్టే.

అప్పుడొక అమ్మాయి లేచింది. “టీచర్, లోపల ఏది కొట్టుకుంటే ఈ లబ్‌డబ్ వస్తోంది?”

ఆ ప్రశ్నకు అగ్గిపుల్ల జవాబు చెప్పలేదు. నేను బోర్డు మీద గీసిన నాలుగు గదుల బొమ్మా చెప్పలేదు, అది కదలదు కాబట్టి. ప్యానెల్ అవసరం అక్కడ పడింది. వీడియోలో వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉంది, సౌండ్ తీసేశాను. జఠరికలు ముడుచుకోబోతుండగా పాజ్ నొక్కి, “ఇప్పుడు రక్తం ఎటు పోవాలి? వెనక్కి, కర్ణికల్లోకి పోదా?” అని అడిగాను. పోతుందని కొందరు, అడ్డుగా తలుపు లాంటిదేదో ఉంటుందని కొందరు వాదులాడుకున్నారు. వాదన ఒక కొలిక్కి రాకముందే ప్లే నొక్కాను. కర్ణికలకూ జఠరికలకూ మధ్యనున్న కవాటాలు మూసుకున్నాయి, అది ‘లబ్’. ధమనులు మొదలయ్యే చోటి కవాటాలు మూసుకున్నాయి, అది ‘డబ్’. రెండు నిమిషాల వీడియోకు సగం పీరియడ్ పట్టింది. పట్టాల్సిందే. ముందే వేసి ఉంటే ఆ పిల్లలు జవాబు చూసేవాళ్లు, ప్రశ్న మాత్రం వాళ్లది అయ్యేది కాదు.

మన పల్లెబడులకు తెర కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు 1న ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మొదలైంది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఏడాది గడువు తీరి 1976 జులై 31న ఆగిపోయింది. ఆ ప్రయోగం గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఆనాటి టీచరే గుర్తొస్తారు. ఆయన చేతిలో పాజ్ లేదు. ప్రసారం దాని వేళకు వచ్చేది, దాని వేగంతో సాగిపోయేది. మధ్యలో ఎవరు చెయ్యెత్తినా టీవీ ఆగేది కాదు. 2020లో కరోనాతో బడులు మూతపడి సప్తగిరి, యాదగిరి, టీశాట్ ఛానెళ్లలో పాఠాలు వచ్చినప్పుడు ఇంట్లో కూర్చున్న పిల్లలదీ అదే పరిస్థితి. ఆ కష్టకాలంలో అవే దిక్కయ్యాయి, ఆ మేలు మరిచిపోకూడదు. కానీ ఇవాళ ఆపే వీలు టీచర్ వేలి కింద ఉంది. దాన్ని వాడుకోకుండా వీడియోను మొదటి నుంచి చివరిదాకా వదిలేస్తే 1975లోనే ఉండిపోయినట్టు.

పాఠాల సరుకుకు లోటు లేదు. 2017 ఉపాధ్యాయ దినోత్సవం నాడు అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన ‘దీక్ష’ డిజిటల్ పాఠాల వేదిక ఉంది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లున్నాయి. ఏ పాఠానికి తెర కావాలో తేల్చుకోవడమే టీచర్ పని. కణ విభజనకు కావాలి. దోమ కడుపులో మలేరియా క్రిమి ఎలా పెరుగుతుందో చూపడానికి కావాలి. పెసలు మొలకెత్తడానికి ఎందుకు? తడిగుడ్డలో మూటకట్టి ఇంటికి పంపితే పిల్లలే మొలకలు పట్టుకొస్తారు. టెక్నాలజీ టీచరుకు తోడుగా ఉండాలే తప్ప టీచరు స్థానంలోకి రాకూడదని 2023లో యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక కూడా గట్టిగానే చెప్పింది.

ఇక మా శిక్షణ సంగతి. రెండేళ్ల బీఈడీలో ఐసీటీకి ఒక పేపరుంది. పీపీటీ చేయడం, వీడియో వెతకడం వస్తాయి. పాఠ్య పథకంలో బోధనోపకరణాల గడిలో ప్యానెల్ అని రాస్తే చాలు, సంతకం పడిపోతోంది. ఏ నిమిషంలో ఆపుతావు, ఆపి ఏమడుగుతావు అని ఆ పథకం మమ్మల్ని అడగదు.

దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. సూక్ష్మబోధనలో ప్రశ్నించడం, ఉదాహరించడం లాంటి నైపుణ్యాలను ఒక్కొక్కటిగా, ఆరేసి నిమిషాల పాఠాలతో మాతో సాధన చేయిస్తున్నారు. వాటి పక్కన ‘ఆపి అడగడం’ అనే నైపుణ్యాన్నీ చేర్చండి. ఒక వీడియో ఇచ్చి, ఆరు నిమిషాల్లో దాన్ని ఎక్కడ ఆపామో, పిల్లల్ని ఏమడిగామో చూసి మార్కులు వేయండి. బీఈడీ కళాశాలల అధ్యాపకులకూ డైట్ లెక్చరర్లకూ నా విన్నపం ఇదే. వచ్చే బ్యాచ్ ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేలోపే మొదలుపెట్టండి.