సబ్బు సమయానికి చేరుతుందా?

ఇబ్రహీంపట్నం వైపు కూరగాయల తోటల్లో పురుగులకు వేప గింజల కషాయం కొట్టేటప్పుడు రైతులు అందులో కాస్త సబ్బు పొడి కలుపుతారు. 100 లీటర్లకు 100 గ్రాములైతే చాలు. బట్టల మురికి వదిలించే సబ్బుకు తోటలో ఏం పని? చూద్దాం.

ముందుగా కుళాయిని కొద్దిగా తిప్పండి. సన్నని ధార పైభాగంలో గాజుకడ్డీలా నున్నగా ఉంటుంది. కిందికి వచ్చేసరికి బొట్లుగా తెగిపోతుంది. కారణం తలతన్యత. ద్రవం ఉపరితలం సాగదీసిన రబ్బరు పొరలా ఎప్పుడూ కుంచించుకోవాలనే చూస్తుంది. ధార ఎక్కడైనా కాస్త సన్నబడితే తలతన్యత అక్కడ మరింత బిగించి తెంపేస్తుంది. ధార చుట్టుకొలత కంటే పొడవైన అలలే దాన్ని తెంపగలవని బెల్జియం శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్లాటో 1873లో రాశాడు. ఇంగ్లండుకు చెందిన రేలీ 1878లో కట్టిన లెక్క ప్రకారం, బొట్టు వ్యాసం ధార వ్యాసానికి దాదాపు రెండింతలు ఉంటుంది.

25 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు దాన్ని సగానికి పైగా తగ్గించగలదు. బిగించే బలం తగ్గితే ధార ఆలస్యంగా తెగాలి కదా! ఇక్కడే ఉంది చిక్కు. ధార ఉపరితలం రంధ్రం దాటాకే ఏర్పడుతుంది. నీటిలోని సబ్బు అణువులు అక్కడికి చేరడానికి కొంత వ్యవధి కావాలి. 1 మి.మీ. ధార తెగడానికి సెకనులో 20వ వంతు చాలు. స్ప్రేయర్ నాజిల్ నుంచి వచ్చే సన్నని తీగలకు ఇంకా తక్కువ. సబ్బు చాలకపోతే, అది చేరేలోగానే ధార తెగిపోతుంది.

అయినా రైతు శ్రమ వృథా కాదు. బొట్టు ఆకు మీద పడ్డాక సబ్బుకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. మైనపు పూత గల క్యాబేజీ ఆకుపై మంచినీటి బొట్టు జారిపోతుంది. సబ్బు కలిసిన బొట్టు పరచుకుని అంటుకుంటుంది.

బొట్టు పరిమాణమూ ముఖ్యమే. పెద్ద బొట్టు ఆకు మీద నుంచి నేలపాలవుతుంది. 0.1 మి.మీ. కంటే చిన్నదైతే గాలికి కొట్టుకుపోతుంది, కొట్టేవారి ముఖాన పడవచ్చు. కనుక ఏ మందైనా ఎదురుగాలికి కొట్టరాదు. ఈ మాట ఇంట్లో పెద్దలకు చెప్పండి.

ఇక మీరే పరీక్షించండి. ఒకే రకం ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకుని, అడుగున పక్కగా సమానమైన సన్నని రంధ్రాలు చేయండి. ఒకదానిలో మంచినీరు, రెండోదానిలో సబ్బునీరు ఒకే ఎత్తుకు నింపండి. ధార ఎంత దూరం నున్నగా ఉందో స్కేలుతో కొలవండి. సబ్బును కొద్దికొద్దిగా పెంచుతూ మళ్లీ మళ్లీ కొలవండి. ఏ మోతాదు దగ్గర ధార పొడవు పెరగసాగిందో, అక్కడ సబ్బు సమయానికి చేరుతున్నదన్నమాట!