అరసున్న దగ్గర దించండి

వజ్రపుకొత్తూరు మండలంలో అక్కుపల్లి ఉంది. ఊరి పక్కనే సముద్రం. ఇక్కడివాళ్లకు రొయ్యలు కొత్త కాదు. అమ్మమ్మల నాటి నుంచి వండుతున్నారు. అయినా ఒక్కోసారి కూర చెడుతుంది. ముక్క రబ్బరులా సాగుతుంది.

"ఏటే కోడలా, నమలలేకపోతన్నాను" అంటుంది అత్త.

"ఆ గంపామె పాతవి ఇచ్చిందత్తా" అంటుంది కోడలు.

గంపామె మీద నేరం మోపడం తేలిక. చాలాసార్లు రొయ్య మంచిదే. పొయ్యి మీద ఎక్కువసేపు ఉంది, అంతే.

రొయ్య కండలో సన్నని పోగులు ఉంటాయి. వాటి మధ్య నీరు ఉంటుంది. వేడి తగిలితే పోగులు బిగుస్తాయి. తడి బట్టను పిండినట్టు నీరు బయటకు వస్తుంది. కొంచెం బిగిస్తే కండ ఉడికినట్టు. ఇంకా బిగిస్తే రబ్బరే. మేక మాంసం అలా కాదు. అది ఉడికేకొద్దీ మెత్తబడుతుంది. ఆ అలవాటుతో రొయ్యలు వండకూడదు.

మరి ఉడికిందని ఎలా తెలుస్తుంది? రొయ్య వంపు చూడండి. మీరు సున్న నేర్చుకున్నారు. పాత పుస్తకాల్లో అరసున్న కూడా ఉంటుంది. అది ఇలా ఉంటుంది: ఁ. రొయ్య అరసున్నలా వంగితే ఉడికింది. నిండు సున్నలా చుట్టుకుంటే మించిపోయింది. చిన్న రొయ్యకు 3, 4 నిమిషాలు చాలు. పెద్దదానికి 5, 6 నిమిషాలు. ఎర్రబడగానే దించేయకండి. ఒకటి తుంచి చూడండి. లోపల కూడా తెల్లగా ఉండాలి. గాజులా కనబడితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు.

అందుకే రొయ్యలు చివర వెయ్యాలి. ముందు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేగాలి. కారం, పులుసు బాగా మరగాలి. జీడిపప్పు వేస్తే అది కూడా ముందే ఉడకాలి. పలాస జీడిపప్పులో గుండు పప్పే అక్కర్లేదు. ధర తక్కువ ఉన్న ముక్కలు చాలు, కూరలో రుచి ఒకటే. పనసకాయ అయినా అంతే, ముందు అది ఉడకాలి. ఆ తర్వాతే రొయ్యలు. నీళ్లు పొయ్యకండి. రొయ్యల నీరే దిగుతుంది.

కొబ్బరి మట్టల మంట ఒక్కసారిగా లేస్తుంది. రొయ్యలు వేశాక మట్టలు కొంచెం వెనక్కి లాగండి. కూర దించినా దాక వేడికి ఇంకొంచెం ఉడుకుతుంది. ఆ లెక్క కూడా చూసుకోవాలి.

కొనేటప్పుడు తల పట్టి చూడండి. తల ఒంటికి గట్టిగా అంటుకుని ఉండాలి. పెంకు మెరవాలి. తల జారితే, ముక్కుకు ఘాటు వాసన తగిలితే కొనకండి. అలాంటి రొయ్యలు తింటే పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. ఇంటికి తెచ్చాక ముందు తల తియ్యండి. తొందరగా పాడయ్యేది అక్కడే. వీపు మీద నల్లని దారం ఉంటుంది. దాన్ని నరం అంటారు గాని, అది పేగు. తీసేస్తే కూరలో ఇసుక తగలదు. తల, పెంకు పోగా తూకం సగం దాకా తగ్గుతుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి కొనండి.

కొందరి ఒంటికి రొయ్యలు పడవు. దురద, దద్దుర్లు వస్తాయి. పెదాలు వాస్తాయి. ఎంత ఉడికించినా ఆ గుణం పోదు. అలాంటివారికి మళ్లీ పెట్టకూడదు. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చెయ్యకండి, 108కి ఫోను చెయ్యండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ జబ్బు ఉన్నవారు రొయ్యలు ఎంత తినాలో డాక్టరునే అడగాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట ఆపుతారు. ఆ 61 రోజులూ ఎండు రొయ్యలే ఆదుకుంటాయి. వీటి పద్ధతి తిరగబడి ఉంటుంది. ముందు వీటినే దాకలో ఉత్తగా వేయించాలి. తర్వాత తల, కాళ్లు నలిపి చెరగాలి. గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడిగితే ఇసుక, ఉప్పు పోతాయి. కూర దించే ముందు రుచి చూసి, తక్కువైతేనే ఉప్పు వెయ్యండి.